అద్దాల పొయ్యి వెంట హాయిల్ దాకా

సౌదీలో చలి పెడుతుందంటే మా ఆర్మూర్‌లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను అక్కణ్నుంచి తెచ్చుకున్న ఉన్ని కోటు చూసి, "విమానంల ఏసీ గంత ఎక్కువ వెడ్తరా?" అని అడిగినవాళ్ళు ఇప్పటికి నలుగురు. ఇసుక ఉన్నచోటల్లా ఎండే ఉంటుందని మనవాళ్ళ లెక్క. ఆ లెక్క సరిచేద్దామనే ఈ హాయిల్ ప్రయాణం రాస్తున్నాను. రియాద్‌కు ఉత్తరాన ఆరు వందల కిలోమీటర్లు దాటాక వస్తుంది ఆ ఊరు. జనవరిలో అక్కడ పొద్దున నీళ్ళ కుళాయి తిప్పితే ముందు కుళాయి వణుకుతుంది, తర్వాతే నీళ్ళు వస్తాయి. అక్కడ నేను ఐదు రోజులున్నాను. అందులో ఒక రోజు కాఫీలో, ఒక రోజు పొగలో, మిగతా మూడు వెచ్చగా గడిచాయి.

సులై

రియాద్ అంచున సులై అనే గోదాముల అడవి ఉంది. అందులో ఒక గోదాముకు నేను స్టోర్‌కీపర్ని. పదిహేడేళ్ళు దాని తాళాలన్నీ నా నడుముకే వేలాడాయి. నేను నడిచొస్తుంటే మెడలో గంట కట్టిన బర్రె వస్తున్నట్టు చప్పుడయ్యేది.

మా కంపెనీ సరుకుల్లో అద్దాల పొయ్యి ఒకటి. అది గోడలో గూడు కట్టి అందులోకి దూర్చే ఇనుప పెట్టె. ముందు అద్దం తలుపు, పైన పొగగొట్టం, కింద లోపలికి ఎంత గాలి పోవాలో చెప్పే చిన్న పిడి. కట్టెలు లోపల మండుతుంటే మనం సోఫాలో కూర్చుని టీవీ చూసినట్టు చూడాలి. మా అవ్వ బతికుంటే, పొయ్యికి తలుపు పెట్టారని విని పది ఊళ్ళకు చెప్పి నవ్వించేది.

వీటిని ముట్టించడం, కొన్నవాళ్ళకు నేర్పడం ఒక తుర్కీ మేస్త్రీ పని. ఇంతలో నితాకత్ వచ్చింది. ఉద్యోగంలో ఎంతమంది సౌదీలను పెట్టుకున్నారో చూసి సర్కారు ప్రతి కంపెనీకి ఒక రంగు వేస్తుంది. ఆకుపచ్చ అయితే బతికినట్టు. మా కంపెనీ మిరపకాయలా పండింది. ముందు పచ్చ, తర్వాత పసుపు, ఆఖరికి నిగనిగలాడే ఎరుపు. ఎరుపు పడిన కంపెనీ తన మనుషుల ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, మళ్ళీ చేయించడం కుదరదు. ఇకామా జేబులో లేనివాడు ఆ దేశంలో మనిషి కాడు, దించకుండా మిగిలిపోయిన సామాను. దానికి తోడు సర్కారుకు తలకింత అని కట్టే లెవీ. లెవీ పెరిగిన కొద్దీ తలలు తగ్గాయి. తుర్కీ మేస్త్రీ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ తన తెలివంతా వెంట తీసుకెళ్ళాడు, కస్టమ్స్‌లో ఎవరూ ఆపలేదు.

గోదాములో ఒకే ఒక పొయ్యి మిగిలింది. దాన్ని కొన్నాయన హాయిల్‌లో పొలాల పంపుల కంపెనీ నడిపే అబూ ఫహద్. ఆయన కంపెనీ రంగు ఆకుపచ్చ, కొత్తిమీర కట్టంత ఆకుపచ్చ. ఫోన్‌లో నాతో అన్నాడు: "శుక్రవారం నమాజు తర్వాత మా నాన్న స్నేహితులు ఇరవై మంది వస్తారు. వాళ్ళ ముందు మంట మండాలి, గదిలో పొగ ఉండకూడదు. మా కంపెనీలో మరమ్మతులకు ఒక మనిషి కావాలి. ఈ పని చేసినవాణ్ణే తీసుకుంటాను."

నేను ఆలోచించకుండా, "మా దగ్గర ఒకడున్నాడు, మంటల ఇంజినీరు," అన్నాను.

ఆ ఇంజినీరు పేరు మల్లేశు. జగిత్యాల దగ్గరి పల్లె, తాపీ పని. ఇకామాకు ఇంక ఎనిమిది రోజులే ఉంది, తర్వాత ఇంటిదారే. ఊళ్ళో ఇతరులకు నలభై ఇళ్ళు కట్టినవాడు ఇప్పుడు తన ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడలేదు. ఇంకో రెండేళ్ళు ఇక్కడ పని దొరికితే నెత్తిన కప్పు పడుతుంది. దొరక్కపోతే ఆకాశమే స్లాబు.

నేను చెప్పింది విని మల్లేశు తాపీ కింద పెట్టాడు.

"నర్సన్నా, నేను గా పెట్టెకు గూడు కట్టుడే ఎరుగుదు. ముట్టించుడు తుర్కీ మేస్త్రి జేశెటోడు."

"పొయ్యి ముట్టియ్య రాదానె నీకు?"

"పొయ్యెందుకు రాదు, నాలుగేండ్ల పోరగాన్ని ఉన్నప్పటి సంది ముట్టిస్తున్న."

"మరింకేంది? గది పొయ్యే. కాకపోతె అద్దాలు వెట్టుకున్నది."

ఖసీం దారిలో

మంగళవారం పొద్దున పికప్‌లో బయల్దేరాం. వెనక రెండు వందల కిలోల పొయ్యి, ముందు మేమిద్దరం, మధ్యలో మల్లేశు చేసిన పులిహోర. ఖసీం దాపుల్లో రోడ్డు పక్కన ఒక పఠాన్ కట్టెలు అమ్ముతున్నాడు. అక్కడి చెట్లు కొట్టడం నేరం కాబట్టి కట్టెలు ఓడలెక్కి వస్తాయి. మోపు అరవై రియాళ్ళు. ఆ ధరకు మా ఊళ్ళో చెట్టు, చెట్టు కింది నీడ, నీడలో కూర్చున్న మనిషి కూడా వస్తారు.

"సూఖా హై, భాయ్. బిల్కుల్ సూఖా," అని ఆ పఠాన్ ఒక కట్టెను నా చెంపకు ఆనించాడు. ఎండిందో లేదో చూడ్డానికి అక్కడ అదే పద్ధతి. తడి ఉంటే చల్లగా తగులుతుందట. నాకు అన్నీ చల్లగానే తగిలాయి, ఆ గాలికి నా చెంపే చల్లగా ఉంది. ఆయన మాట మీదే మూడు మోపులు ఎక్కించుకున్నాం.

అరగంటలో దుమ్ము లేచింది. దుమ్మంటే మన గోధూళి కాదు. ఎడారి మొత్తం లేచి, మా పికప్ మీదుగా నడిచి, అవతలి పక్కకెళ్ళి కూర్చుంది. బురైదా చేరేసరికి కట్టెలు కట్టెల్లా లేవు, పిండిలో పొర్లించిన మిరపకాయ బజ్జీల్లా ఉన్నాయి.

బురైదాలో ఒక మలయాళీ హోటల్‌లో పరాటా తిని, పైన మంచాల గదిలో పడుకున్నాం. ఖర్జూరం, ఏలకులు పెట్టి కాల్చే అక్కడి బిళ్ళలు ఒక డబ్బా కొన్నాను. గట్టివి, మంచివి. ఒకటి తింటే రెండు గంటలు మాట్లాడక్కర్లేదు. మల్లేశుకు రెండు తినిపించి హాయిల్ దాకా ప్రశాంతంగా బండి నడిపాను.

హాయిల్, మొదటి మంట

హాయిల్ వాళ్ళకు అతిథంటే పిచ్చి. బండి ఆగీ ఆగకముందే మమ్మల్ని మజ్లిస్‌లో కూర్చోబెట్టారు. మజ్లిస్ అంటే అతిథుల గది. మా ఆర్మూర్ ఫంక్షన్ హాలు అందులో ఒక మూల పడుతుంది. నేల మీద తెల్ల తివాచీ, అడుగు పెట్టాలంటే సిగ్గేసేంత తెలుపు. అబూ ఫహద్ తండ్రి అక్కడ బొగ్గుల కుంపటి ముందు పొడుగు ముక్కు కాఫీ పాత్ర పెట్టుకుని ఉన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, తెల్ల గడ్డం. ఇంట్లో అందరూ ఆయన్ను శైబా అనేవారు, ముసలాయన అని. ఆయనే పోశాడు, చిన్న కప్పులో పసుపు రంగు కాఫీ.

మన దగ్గర "చాలు" అన్న తర్వాత ఇంకొంచెం పోస్తే మర్యాద. అక్కడ అతిథి కప్పును అటూ ఇటూ ఊపేదాకా పోస్తూనే ఉండటం మర్యాద. మల్లేశు పన్నెండేళ్ళుగా కూలీల క్యాంపుల్లోనే ఉన్నవాడు, ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు, చెప్పలేదు. పద్నాలుగో కప్పు దగ్గర నా వైపు తిరిగాడు.

"అన్నా, గీ ముసలాయన నన్ను జంపుతడా ఏంది?"

"పెద్దమనిషి ప్రేమతోని పోస్తుండు, తాగు." పదిహేడో కప్పుకు జాలేసి ఊపడం నేర్పాను. అప్పటికి వాడే ఊగుతున్నాడు.

సాయంత్రానికల్లా గూడు కట్టి, పెట్టె దూర్చి, గొట్టం కలిపాడు. ఆ పనిలో మల్లేశుకు వంక పెట్టేవాడు పుట్టలేదు. తర్వాత కట్టెల వైపు చూసి, మళ్ళీ తెల్ల తివాచీ వైపు చూశాడు. నేను సామాన్లు సర్ది వచ్చేసరికి పెరట్లో నీళ్ళ డ్రమ్ము నిండా కట్టెలు మునిగున్నాయి. వాటిని బ్రష్షుతో తోముతున్నాడు.

"గింత మన్నుతోని గా ఇంట్ల ఎట్ల వెడ్తమన్నా? ఇటుకలైన నానవెట్టకుండ గోడ కడ్తమా?"

అప్పుడు నాకది శుభ్రతగానే కనిపించింది. నేనూ రెండు కట్టెలు తోమాను.

తుడిచి, గురువారం తెల్లారగానే పెట్టె నిండా కుక్కాడు. పెళ్ళి బస్సులో జనాన్ని కుక్కినట్టు, కిటికీలోంచి కూడా ఎక్కించేలా. కింద కాగితాలు పెట్టి ముట్టించాడు. కాగితం కాలింది, కట్టె కాలలేదు. కరెంటు పైపు ముక్క తెచ్చి ఊదాడు. ఊదింది పొయ్యిలోకే గాని బూడిద మాత్రం అవతల కూర్చున్న శైబా గడ్డంలోకి వెళ్ళింది. కొంచెం అంటుకోగానే తలుపు మూసి, గాలి పిడి మొత్తం బిగించాడు. క్యాంపులో పన్నెండు మందికి ఒక్క గ్యాస్ బండతో వండిన చెయ్యి అది, మంట కనిపిస్తే తగ్గించాలనిపిస్తుంది.

అద్దం చూస్తుండగానే నల్లబడింది. దోసె పెనం అంత నలుపు. లోపల ఏమవుతోందో చూద్దామని మల్లేశు తలుపు ఒక్కసారిగా లాగాడు. లోపల ఊపిరాడక మూలుగుతున్న పొగకు గాలి తగిలింది. భగ్గుమని ఒక నాలుక బయటికొచ్చి, మల్లేశు కుడి కనుబొమ్మ తీసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. వెనకే పొగ. మజ్లిస్‌లో మనుషులు గొంతులుగా మాత్రమే మిగిలారు.

శైబా గొంతు దగ్గుకుంటూ అంది: "మా తాత డేరాకు పైన ఒక చిల్లు ఉండేది. అది దీనికంటే మంచి పొయ్యి."

అబూ ఫహద్ తలుపులన్నీ తెరిపించాడు. కోప్పడలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఇతను ఇంజినీరే కదా?" అన్నాడు. ఇంత మెత్తగా ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పడం చాలా కష్టం. అయినా చెప్పాను.

క్లినిక్

కనుబొమ్మ పోయినచోట బొబ్బ లేచింది. అబూ ఫహద్ తన డ్రైవర్‌తో క్లినిక్‌కు పంపాడు. అక్కడి నర్సు మా మాటలు విని, "తెలుగోళ్ళా? నాది పాలకొల్లండి, సువార్త," అంది. నవ్వు మొహం. మందు రాస్తూ మల్లేశు కథంతా లాగింది.

"మీకు ఇకామా బాధ, మాకు లెవీ బాధండి," అంది. "పిల్లల మీదా, ఆయన మీదా కూడా ఫీజు పడ్డాక ముగ్గుర్నీ పంపించేశాను. ఇప్పుడు క్వార్టర్‌లో నేనూ, ప్రెషర్ కుక్కరూ ఉంటున్నాం. నాతో మాట్లాడేది అదొక్కటే." మరుక్షణం అడిగింది: "అయినా ఎండు కట్టెలకి అంత పొగేంటండి?"

"ఎండినవే అక్కా," అన్నాడు మల్లేశు. "మంచిగ నానవెట్టి, తోమి, తుడిశిన."

సువార్త చేతిలో దూది ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను గోడ మీది టీకాల బొమ్మ చూశాను.

"మా వైపు చేపలు కడుగుతారండి, కట్టెలు కడగరు," అంది. "పొయ్యికి పుస్తకం ఏమీ ఇవ్వలేదా?"

ఇచ్చారు. పికప్ సీటు కింద, ప్లాస్టిక్ కవర్లో, విప్పకుండా ఉంది. పొయ్యి ముట్టించడానికి పుస్తకమా అని మేమిద్దరం నవ్వుకుని పెట్టిన చోటు అది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. బయటికొచ్చాక మల్లేశు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నేనేమీ తినిపించలేదు కూడా.

"రేపే కదన్నా శుక్రారం," అన్నాడు ఆఖరికి.

పుస్తకం

పుస్తకం తొమ్మిది భాషల్లో ఉంది. ఇంగ్లీషు పేజీలు నేను చదివి తెలుగులో చెప్తుంటే, మల్లేశు ఒక్కో మాటకు ఒక్కో అభ్యంతరం తెచ్చాడు.

"పెద్ద కట్టెలు కింద, వాటిమీద అడ్డంగ చిన్నయి, అన్నిటి మీద సన్నపుల్లలు. నిప్పు పైన వెట్టాలె."

"పైనా? మంట కిందికెట్ల దిగుతదన్నా, అదేమన్న మెట్లు దిగుతదా?"

"దిగుతదట. ముట్టించేటప్పుడు గాలి పిడి మొత్తం తెరవాలె. తలుపు వేలెడు సందు ఉంచాలె."

"గంత గాలిస్తె కట్టెలన్ని ఒక్కపారే గాలిపోతయి గదా."

"గాలి తక్కువైతెనే పొగ, పొగైతెనే అద్దం నల్లగైతది. మంట మంచిగ వట్టినంక తలుపు మూసి, గాలి జెర జెర తగ్గించాలె. మొత్తం బంద్ జెయ్యద్దు. ఇంకోటి, గొట్టం సల్లగుంటె పొగను గుంజదట. ముందుగాల ఒక కాగితం అంటించి గొట్టం మూతికాడ పట్టాలె."

"గిది పొయ్యి కాదన్నా, కొత్తల్లుడు," అన్నాడు మల్లేశు. అయినా అన్నీ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఎండు కట్టెలు కావాలి. శైబాకు ఇంటి వెనక షెడ్డులో ఎన్నేళ్ళవో కట్టెలున్నాయి, పాతవీ కొత్తవీ కలిసిపోయి. వాటిలో ఎండినవి ఏవి? నేను చెంపకు ఆనించుకోబోయాను. మల్లేశు రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి కొట్టాడు. కంగుమని మోగాయి. ఇంకో రెండు కొట్టాడు, దబ్బుమన్నాయి, పక్కన పడేశాడు.

"ఇటుక గిట్లనే సూస్తమన్నా. మంచిగ గాలింది మోగుతది, పచ్చిది మోగదు."

శైబా ఆ చప్పుడుకు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కాసేపు చూశాడు. తర్వాత కూర్చుని తానూ రెండు కట్టెలు తీసి కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మల్లేశు తల అడ్డంగా ఊపితే పడేశాడు, నిలువుగా ఊపితే దాచుకున్నాడు. గంటసేపు ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు అక్కడ భజన చేశారు.

ఇక అద్దం. అబూ ఫహద్ నలభై రియాళ్ళ స్ప్రే తెప్పించాడు. దాంతో నలుపు కాస్తా మెరిసే నలుపయింది. మల్లేశు పాత పేపరు తడిపి, పొయ్యిలోని మెత్తటి బూడిదలో అద్ది, మా అమ్మలు గిన్నెలు తోమినట్టు తోమాడు. నలుపంతా కాగితానికి వచ్చేసింది. అద్దం ఉందో లేదో చూడ్డానికి నేను వేలు పెట్టాల్సి వచ్చింది. ఆ వేలి ముద్ర తుడుస్తూ మల్లేశు నన్ను తిట్టాడు. వాడు నన్ను తిట్టడం అదే మొదటిసారి. నాకు ధైర్యం వచ్చింది.

చీకటి పడేలోపు మూడుసార్లు ముట్టించి చూశాం. మొదటిసారి ఆరిపోయింది. రెండోసారి మండింది గాని, వాడి చెయ్యి అలవాటుగా వెళ్ళి గాలి పిడి బిగించింది. మూడోసారి తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మంట నిజంగానే మెట్లు దిగింది.

శుక్రవారం

నమాజు తర్వాత ఇరవై మంది అన్నవాళ్ళు ముప్పై మంది వచ్చారు. పళ్ళేలలో కబ్సా వచ్చింది. అన్నం కొండ, మీద పొట్టేలు. మా పళ్ళెంలో ఒక్క మనిషికి పడిన మాంసంతో మా వైపు చిన్న బోనాలు వెళ్ళిపోతాయి. మల్లేశు ముట్టలేదు. పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

కాగితం పట్టి గొట్టం వేడి చేశాడు. పైనుంచి ముట్టించాడు. తలుపు వేలెడు సందు. మంట పుల్లల నుంచి కట్టెలకు, కట్టెల నుంచి మొద్దులకు దిగింది. అప్పుడు తలుపు మూసి, గాలి గోరంత తగ్గించాడు. అద్దం వెనక పసుపు మంట నిదానంగా ఊగుతోంది. గదిలో పొగ లేదు. ముసలివాళ్ళు ముందుకు జరిగారు. అబూ ఫహద్ మొహంలో నిన్నటి పొగ తర్వాత మొదటిసారి పళ్ళు కనిపించాయి.

అప్పుడు శైబా కాఫీ పాత్ర పట్టుకుని లేచాడు.

"తలుపు తియ్యి. నిప్పుల పక్కన కాగని కాఫీ నా స్నేహితులకు పొయ్యను."

"నాన్నా, తీస్తే పొగ వస్తుంది," అన్నాడు అబూ ఫహద్.

"కాఫీ పెట్టుకోలేని నిప్పు ఇంట్లో ఎందుకు? బొమ్మ గీయించి గోడకు తగిలించుకో."

ముప్పై గడ్డాలు మల్లేశు వైపు తిరిగాయి. తలుపు తీసి పొగ వస్తే కొడుకు తీసుకోడు. తీయకపోతే తండ్రి ఉంచడు. నేను పుస్తకంలో ఆ పేజీ చదివానో లేదో నాకే గుర్తు లేదు. కాళ్ళ కింది తివాచీ ఇంకా తెల్లగా కనిపించింది.

శైబా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. మల్లేశు అరచెయ్యి ఎత్తి ఆయన్ను ఆపాడు. అంతమంది పెద్దల ముందు, ఆ ఇంటి యజమాని తండ్రిని. తనకు వచ్చిన అరబ్బీలో సగం ఖర్చుపెట్టి, "శ్వయ్యా, శ్వయ్యా," అన్నాడు. నెమ్మది అని.

మల్లేశు గాలి పిడి మొత్తం తెరిచాడు. మంటలు పడిపోయి ఎర్రటి నిప్పులు మిగిలేదాకా కూర్చున్నాడు. కాఫీ పాత్రతో శైబా నిలబడే ఉన్నాడు. తర్వాత మల్లేశు తలుపు గోరంత సందు తీసి ఆపాడు. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. దగ్గరికెళ్తే, "ఏడు, ఎనిమిది, తొమ్మిది," అంటున్నాడు. పది కాగానే మెల్లగా మొత్తం తెరిచాడు. సందులో నిలబడిన కొంచెం పొగ వెనక్కి తిరిగి గొట్టంలోకి వెళ్ళిపోయింది.

శైబా వంగి పాత్రను నిప్పుల అంచున పెట్టాడు. కాఫీ కాగాక మొదటి కప్పు పక్కనున్న పెద్దాయనకు కాకుండా మల్లేశుకు ఇచ్చాడు. మల్లేశు ఒకటే తాగి, కప్పు ఊపి, తిరిగిచ్చాడు.

ఆదివారం

అబూ ఫహద్ ఆ సాయంత్రం నాతో అన్నది ఒక్క ముక్క: "ఆదివారం ఆఫీసు తెరవగానే కాగితం పంపిస్తాను. ఆ పైన సర్కారు వాళ్ళ ఇష్టం." ఎరుపు కంపెనీ నుంచి పచ్చ కంపెనీకి మారాలంటే పాత యజమాని సంతకం అక్కర్లేదు గాని, కంప్యూటర్ ఒప్పుకోవాలి. కంప్యూటర్‌కు కాఫీ పొయ్యలేం.

అక్కడ సెలవైన శనివారమంతా మల్లేశు ఇంట్లో చేయగలిగిన ప్రతి మరమ్మతూ చేశాడు. బాగున్నవి కూడా విప్పి బిగించాడు. ఆదివారం పొద్దున మజ్లిస్‌లో పొయ్యి ముట్టించాడు. నేను రియాద్ బయల్దేరడానికి సామాన్లు సర్దుకుంటున్నాను. ఇకామాకు ఇంక మూడు రోజులు. ప్రతి రెండు నిమిషాలకూ మల్లేశు ఫోన్ తీసి చూస్తున్నాడు. మోగని ఫోన్‌ను అంతగా చూస్తే అదే సిగ్గుపడి మోగుతుంది.

మోగింది. మెసేజ్, అంతా అరబ్బీ. నాకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, అక్షరం రాదు. పదిహేడేళ్ళు ఈ విషయం ఎవరికీ తెలియకుండా కాపాడుకున్నాను. అబూ ఫహద్ ఆఫీసులో ఉన్నాడు. గదిలో ఉన్నది శైబా ఒక్కడే. మల్లేశు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకెళ్ళి ఇచ్చాడు.

ముసలాయన చెయ్యి చాచి ఫోన్ దూరంగా పెట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్ళీ దూరం పెట్టాడు. మొదటి నుంచి చివరిదాకా పెదవులతో చదివాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. ఫోన్ తిరిగిచ్చి నాతో, "ఇందులో కట్టెలు అయిపోయాయని రాసి ఉంది. వెళ్ళి తెమ్మను," అన్నాడు.

నేను అదే తెలుగులో చెప్పాను. మల్లేశు ఫోన్ జేబులో పెట్టుకుని షెడ్డు వైపు వెళ్ళాడు. కంగుమని కట్టెలు మోగించి చూస్తున్న చప్పుడు వినిపించింది. శైబా నా వైపు తిరిగి, గడ్డంలో చెయ్యి పెట్టుకుని, ఎన్ని పళ్ళున్నాయో అన్నీ చూపించాడు. అప్పుడు అర్థమైంది నాకు, కంప్యూటర్ ఒప్పుకుంది.

మల్లేశు చేతుల నిండా కట్టెలతో గుమ్మంలోకి వచ్చాడు.

"మబ్రూక్, యా మొహందిస్," అన్నాడు శైబా. శుభం ఇంజినీరుగారూ, అని.

మల్లేశు కట్టెలు కింద పెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఒక పక్కే కనుబొమ్మ ఉన్న మొహం.

"పొగ అన్నా," అన్నాడు.

నేను పొయ్యి వైపు చూశాను. ఆ గదిలో రెండు రోజులుగా పొగన్నది లేదు. పొయ్యి ముట్టించింది వాడే.